పాత తాడే కొత్త తాడుకు దారి

స్వాతంత్ర్య దినోత్సవానికి ముందురోజు జెండా స్తంభం దగ్గర భద్రతా సిబ్బంది తాడును రెండు మూడు సార్లు పైకీ కిందికీ లాగి చూసుకోవడం మనందరం ఎరిగినదే. మరునాడు ముఖ్య అతిథి చేతిలో తాడు బిగుసుకుపోతే కలిగే ఇబ్బంది ఇంతా అంతా కాదు. ఆ తాడుకు ఇంగ్లీషులో హాల్యార్డ్ అని పేరు. ఆ మాట జెండాల కోసం పుట్టినది కాదు. తెరచాప ఓడల నుండి వచ్చినది. లాగడం అనే అర్థం గల ‘హేల్’ నుండి ‘హాలియర్’ అనే మాట ఏర్పడి, కాలక్రమంలో తెరచాపను కట్టే అడ్డకొయ్యకు పేరైన ‘యార్డ్’తో కలగలిసి హాల్యార్డ్‌గా స్థిరపడింది. తెరచాపను పైకి ఎత్తే తాడు అని దాని అర్థం.

ఈ శీర్షికలో ఇంతవరకు మన కర్మాగారంలోని పనిముట్లను గురించే ముచ్చటించుకుంటూ వచ్చాము. ఈ నెల ప్రహరీ దాటి సముద్రం మీదికి పోవడానికి కారణం లేకపోలేదు. బరువులెత్తే మన రిగ్గింగ్ బృందాన్ని ఖలాసీలు అని పిలుస్తున్నాము కదా! ఖలాసీ అంటే అసలు అర్థం ఓడ పనివాడు. తెరచాప ఓడల మీద తాళ్లతో, కప్పీలతో పని నేర్చిన చేతులే తరువాతి కాలంలో వంతెనలకూ, కర్మాగారాలకూ తరలివచ్చాయి. 1988 జూలైలో కేరళలోని పెరుమాన్ వద్ద అష్టముడి సరస్సులో పడిపోయిన రైలు పెట్టెలను వెలికితీయడంలో బేపూరు ప్రాంతపు మాప్పిళ ఖలాసీలు చూపిన నేర్పు ఆ పరంపరలోనిదే. గోదావరి ముఖద్వారంలోని మన కోరంగి రేవు సైతం ఒకప్పుడు తెరచాప ఓడల నిర్మాణానికి పేరుపడినదే. కనుక ఈ విద్య మనకు పరాయిది కాదు.

ఇక విషయానికి వద్దాం. నేటి తెరచాప పడవలలో ఎక్కువగా కనిపించేది ఒకే స్తంభం గల స్లూప్ అనే రకం. స్తంభానికి వెనుక పెద్ద తెరచాప, ముందు మరొకటి ఉంటాయి. ఒక్కొక్క తెరచాపకు ఒక్కొక్క హాల్యార్డ్. ఇవి కాక గాలి వెనుకనుండి వీచేటప్పుడు వాడే బుడగవంటి తెరచాపకు వేరొకటి, పెద్ద తెరచాప అడుగు దూలాన్ని పట్టి ఉంచే తాడు ఇంకొకటి. హుస్సేన్‌సాగర్‌లో పోటీలు చూసినవారు మాత్రం ఒక సంగతి గమనించి ఉంటారు. అక్కడ విరివిగా తిరిగే లేజర్ తరగతి చిన్న పడవలకు అసలు హాల్యార్డే ఉండదు. దిండుకు గలేబు తొడిగినట్లు తెరచాపను స్తంభానికి తొడిగివేస్తారు. పడవ పెద్దదయ్యేకొద్దీ ఈ సుఖం ఉండదు.

తాడు నడిచే దారిని ఒకసారి మనస్సులో గీసుకోవాలి. తెరచాప పైకొసకు షాకిల్‌తో తగిలించిన తాడు స్తంభం బయటి నుండి పైకి పోతుంది. శిఖరాన ఉన్న గిలక మీదుగా తిరిగి, బోలుగా ఉండే అల్యూమినియం స్తంభం లోపలికి దిగుతుంది. అడుగున ఒక సందు గుండా బయటికి వచ్చి, మరో కప్పీ మీదుగా మలుపు తిరిగి, తాడును పట్టి ఉంచే క్లచ్ గుండా విన్చ్ వద్దకు చేరుతుంది. అంటే దాని ప్రయాణంలో దాదాపు సగం మన కంటికి కనిపించదు. మరీ కీలకమైన చోటు, అంటే శిఖరం మీది గిలక, కనిపించినా అందదు.

హాల్యార్డ్ మోసేది తెరచాప బరువును మాత్రమే అనుకుంటే పొరపాటు. తెరచాప ముందు అంచును తీగలా బిగించి ఉంచడమే దాని అసలు పని. గాలి పెరిగినకొద్దీ ఆ బిగువు పెరుగుతుంది. తాడు గిలక మీద వెనుదిరుగుతుంది కనుక తాడులో 500 కిలోల లాగుడు ఉంటే శిఖరం మీద దాదాపు 1,000 కిలోల భారం పడుతుంది. ఈ లెక్క మన క్రేన్ విభాగం మిత్రులకు వివరించనవసరం లేదు.

మన ఇళ్లలో నూతి గిలకలు ఉన్న కాలంలో చేంతాడు ఎప్పుడూ నడుమ తెగేది కాదు. బొక్కెన ముడి దగ్గరో, గిలకకు ఆనే చోటో తెగేది. హాల్యార్డ్ కూడా అంతే. అయితే చేంతాడు గిలక మీద అటూ ఇటూ తిరుగుతుంది. హాల్యార్డ్ అలా కాదు. తెరచాపను ఒకసారి పైకెత్తాక, దూరప్రయాణంలో రోజుల తరబడి తాడులోని ఒకే జానెడు భాగం గిలక మీద కూర్చుంటుంది. పడవ ఒరిగిన ప్రతిసారీ ఆ జానెడే నలుగుతుంది. ఇంకొక జానెడు క్లచ్ పళ్ల మధ్య నలుగుతుంది. మిగిలిన తాడంతా కొత్తదానివలె మెరుస్తూ ఉండవచ్చు. కాక్‌పిట్‌లో కూర్చుని చేతిలోని కొసను చూసి, తాడు బాగానే ఉన్నదని తీర్పు చెప్పేవారిని నమ్మరాదు.

అనుభవజ్ఞులు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. కొనేటప్పుడే తాడును అవసరానికి మించి ఒకటి రెండు మీటర్లు ఎక్కువ తీసుకుంటారు. నలుగుడు కనిపించగానే షాకిల్ వైపున అర మీటరో, మీటరో కోసివేసి కొసను మళ్లీ స్ప్లైస్ చేస్తారు. దానితో గిలక మీదికీ, క్లచ్‌లోకీ నలగని భాగాలు వస్తాయి. ఒక్క కోతతో తాడు ఆయుస్సు ఎంతో పెరుగుతుంది. మరికొందరు తాడును తలకిందులు చేసి, విన్చ్ వైపు కొసను తెరచాప వైపుకు మారుస్తారు.

తాడు దేనితో చేసినదన్న విషయం ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఒకప్పుడు జనపజాతి నార, మనీలా నార వాడేవారు. నార తడిస్తే బిగుసుకునేది, ఎండితే వదులయ్యేది, లోలోపల కుళ్లేది. 1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు పాలియెస్టర్ దారాన్ని కనుగొన్న తరువాత పడవల తాళ్ల ముఖచిత్రమే మారిపోయింది. నైలాను గట్టిదే కాని బాగా సాగుతుంది. లంగరు తాడుకు ఆ గుణం వరం, హాల్యార్డ్‌కు శాపం. పాలియెస్టర్ కూడా కొంత సాగుతుంది. 18 మీటర్ల తాడు నూటికి రెండు వంతులు సాగినా 36 సెంటీమీటర్లు. తెరచాప అంతమేర జారి, అంచు వదులై, పడవ అనవసరంగా పక్కకు ఒరుగుతుంది. గాలికి ఎదురుగా పోయే శక్తి తగ్గుతుంది. అందుకే దూరప్రయాణాల పడవలు, పందెపు పడవలు డైనీమా దారం వైపు మొగ్గాయి. నెదర్లాండ్స్‌కు చెందిన డీఎస్ఎం సంస్థ 1990లో వాణిజ్యపరంగా దీని ఉత్పత్తిని ప్రారంభించింది. అదే మందం గల పాలియెస్టర్ తాడుకంటె ఎంతో బలమైనది, చాలా తక్కువ సాగుతుంది, నీటిపై తేలుతుంది. కాని నున్నదనం వలన క్లచ్‌లో జారుతుంది, ముడి వేస్తే బలంలో సగానికి పైగా కోల్పోతుంది, సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వేడికే కరుగుతుంది. అందువల్ల దానికి పాలియెస్టర్ తొడుగు అల్లి వాడతారు. కొసలకు ముడులు కాక స్ప్లైస్ చేస్తారు.

పాలియెస్టర్‌కూ, డైనీమాకూ నడుమ ఉక్కు తీగ హాల్యార్డ్‌ల యుగం ఒకటి గడిచింది. తెరచాప వైపు ఉక్కు తీగ, చేతివైపు మెత్తని తాడు. రెండింటినీ కలిపే స్ప్లైస్ చేయడం ఒక కళ. ఇప్పటికీ పాత పడవలలో ఇవి ఉన్నాయి. తెగిన తీగ పోగులు అరచేతిలో దిగితే ఎలా ఉంటుందో మనవాళ్లకు తెలుసు. తీగను తీసివేసి తాడు వేయదలచినవారు ముందుగా గిలకను చూసుకోవాలి. తీగ గిలకకు గాడి ఇరుకు, తాడును నొక్కివేస్తుంది. ఏళ్ల తరబడి తీగ ఒరిసిన గాడి అంచులు రంపంలా ఉంటాయి. అలాగే గిలకకూ, పక్కరేకుకూ నడుమ ఖాళీ ఎక్కువైతే సన్నని కొత్త తాడు ఆ సందులోకి జారి ఇరుక్కుపోతుంది. గిలకను మార్చకుండా తాడును మాత్రమే మార్చడం డబ్బు దండుగ.

ఇప్పుడు అసలు సంగతి. హాల్యార్డ్‌ను మార్చడానికి ఎవరూ స్తంభం ఎక్కనవసరం లేదు, పాత తాడు ఇంకా తెగకుండా ఉన్నంతకాలం. కొత్త తాడును శిఖరం మీదికి తీసుకుపోయి, గిలక దాటించి, స్తంభం లోపలి చీకటిలో దారి చూపి, అడుగున సందులోంచి బయటికి తెచ్చే మార్గదర్శి పాత తాడే. అది తెగి స్తంభం లోపలికి జారిపోయిన క్షణాన, అరగంట పని ఒక రోజు పనిగా, ప్రమాదకరమైన పనిగా మారిపోతుంది. మన సంస్థలో వార్షిక మరమ్మతుల సమయంలో బాగానే ఉన్న తాడును ఎందుకు మారుస్తున్నారని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. బాగానే ఉన్నది కనుకనే ఇప్పుడు మార్చడం తేలిక అన్న సమాధానం పడవలో చెప్పినంత సూటిగా మరెక్కడా చెప్పలేము.

గాలి లేని ఉదయాన, పడవ రేవులో కట్టి ఉండగా ఈ పని పెట్టుకోవాలి. తెరచాపను పూర్తిగా దించి తాడును విడదీయాలి. కొత్త తాడు ఒక కొసకు షాకిల్‌ను ముందే స్ప్లైస్ చేసి ఉంచుకుంటే, రెండవ కొస నున్నగా ఉంటుంది. ఆ నున్నని కొసనే పాత తాడుకు జోడించాలి. స్ప్లైస్ చేసిన లావు కొస గిలకపెట్టెలో పట్టదు. పాత తాడు షాకిల్‌ను కూడా ఇదే కారణంగా కోసివేయాలి.

జోడించే తీరులోనే పనితనమంతా ఉన్నది. ముడి వేయరాదు, ముడి గిలక దాటదు. రెండు కొసలను పక్కపక్కన కాక ఎదురెదురుగా ఆనించి, మైనం పట్టించిన గట్టి దారంతో ఒకదానిలోనుండి మరొకదానిలోకి, కొసలకు కొద్ది అంగుళాల ఎడంలో మొదలుపెట్టి, ఏటవాలుగా కుట్లు వేయాలి. కొసలను మంటకు కరిగించినప్పుడు గట్టి బొడిపె ఏర్పడితే కత్తితో చెక్కివేయాలి. కుట్టు మీద పలుచని టేపును నున్నగా ఒక చుట్టు చుట్టాలి. కుట్టు లేకుండా టేపు ఒక్కటే చుట్టి పని కానిచ్చేవారు లేకపోలేదు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది నిలబడుతుంది కూడా. పదవసారి సరిగ్గా గిలక మీదనే ఊడుతుంది. జోడింపు అయిన తరువాత ఇద్దరు చెరొకవైపు పట్టుకుని బలంగా లాగి చూడాలి. బొటనవేలి చుట్టూ వంచి చూడాలి. లాగితే ఊడకూడదు, వంచితే విరగకూడదు.

తరువాత కొత్త తాడు షాకిల్ కొసను డెక్కు మీది కడ్డీకి గట్టిగా కట్టివేయాలి. చేయి జారి అది శిఖరానికి ఎగిరిపోతే చేసిన పని అంతా వృథా. ఒకరు స్తంభం మొదట నిలబడి కొత్త తాడును మెలికలు లేకుండా అందిస్తూ ఉండాలి. మరొకరు కాక్‌పిట్‌లో పాత తాడును నెమ్మదిగా, ఎడతెగకుండా లాగాలి. విన్చ్ వాడరాదు, అడ్డు తగిలితే చేతికి తెలుస్తుంది, విన్చ్‌కు తెలియదు. అడ్డు తగిలినప్పుడు బలం చూపక అర మీటరు వెనక్కు వదిలి మళ్లీ లాగాలి. అతుకు శిఖరానికి చేరిన ఆ రెండు మూడు క్షణాలు అందరి తలలూ పైకే ఉంటాయి. అతుకు గిలక దాటి లోపలికి దిగిందంటే సగం గండం గడిచినట్లే. అడుగు సందులో అది కనిపించినప్పుడు మిగతా సగం. స్తంభం లోపల ఇతర హాల్యార్డ్‌లతో పెనవేసుకున్నదేమో తెలుసుకోవడానికి ఒక్కొక్కదానిని లాగి చూడాలి. ఒకటి లాగితే ఇంకొకటి కదలరాదు.

కొత్త తాడు ఇంకా చేతికి రాకపోతే ఇదే పద్ధతిలో సన్నని దారితాడును ఎక్కించి ఉంచవచ్చు. పడవను కొన్ని నెలలు వాడనివారు చాలామంది విలువైన హాల్యార్డ్‌లను తీసి, మంచినీటిలో తేలికపాటి సబ్బుతో కడిగి, నీడన ఆరబెట్టి దాచుకుంటారు. సముద్రపు ఉప్పు ఎండి స్ఫటికాలై పోగుల మధ్య ఇసుకలా ఒరుస్తుంది. ఎండ మరొకవైపు దారాన్ని పెళుసు చేస్తుంది. ఆ నెలలన్నీ స్తంభంలో చవకైన దారితాడు కాపలా ఉంటుంది.

తాడు తెగిపోయినప్పటి మాట కూడా చెప్పాలి. అప్పుడు మనిషి ఎక్కక తప్పదు. మన గీత కార్మికుడు మోకు సాయంతో తాటిచెట్టు ఎక్కడంలో ఎంత నేర్పున్నదో మనకు తెలుసు. ఆ తాటిచెట్టు ఎడతెగకుండా ఊగుతూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. పడవ ఐదు డిగ్రీలు ఒరిగితే కింద ఉన్నవారికి తెలియను కూడా తెలియదు. 25 మీటర్ల ఎత్తున ఉన్నవాడు రెండు మీటర్లకు పైగా పక్కకు విసరబడతాడు. బ్రిటిష్ నావికురాలు ఎలెన్ మెకార్థర్ 2004-05లో ఒంటరిగా ప్రపంచాన్ని 71 రోజులలో చుట్టివచ్చిన ప్రయాణంలో దక్షిణ సముద్రాల మీద స్తంభం ఎక్కి మరమ్మతు చేసి, దెబ్బలతో కందిపోయిన శరీరంతో కిందికి దిగారు.

మనిషిని ఎత్తవలసివస్తే రెండు హాల్యార్డ్‌లు ఉండాలి: ఒకటి మోయడానికి, మరొకటి మొదటిది తెగితే కాపాడటానికి. షాకిల్ కొక్కేలను నమ్మక తాడును నేరుగా నడుముపట్టీకి ముడివేయాలి. విద్యుత్ విన్చ్‌తో మనిషిని ఎత్తరాదు. స్తంభం కింద ఎవరూ నిలబడరాదు. ఇవి మన భద్రతా నియమావళిలోని వాక్యాలవలె ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు.

భారత నౌకాదళానికి చెందిన తారిణి నౌక 17 మీటర్ల స్లూప్. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్‌లో నిర్మితమై 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. స్తంభం ఎత్తు సుమారు 25 మీటర్లు. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిన ఆరుగురు మహిళా అధికారుల బృందంలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. వర్తికా జోషి నాయకత్వంలో వారు దాదాపు 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణించారు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవులలో సుమారు రెండేసి వారాలు ఆగారు. ఆ విరామాలు విహారానికి కావు. తరువాతి అంకానికి పడవను సిద్ధం చేసుకోవడానికి. లిటిల్టన్ నుండి పోర్ట్ స్టాన్లీకి పసిఫిక్ మీదుగా నలభై రోజుల ప్రయాణం. నడుమ సరుకు దొరికే దుకాణం లేదు. అదే తారిణి మీద 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే ఇద్దరు అధికారిణులు మాత్రమే బయలుదేరి 2025 మే 29న గోవా చేరారు. ఇద్దరే ఉన్న పడవలో ఒకరు స్తంభం ఎక్కితే విన్చ్‌కూ, చుక్కానికీ, పైకి వెళ్లినవారి ప్రాణానికీ కాపలాగా మిగిలేది ఒక్కరే. ఆ లెక్క వేసుకున్నవారికి రేవులోనే తాడు మార్చుకోవడం ఖర్చు అనిపించదు.

మనిషి శిఖరం చేరాక చేసే పని చిత్రంగా ఉంటుంది. సన్నని దారానికి సైకిల్ చెయిన్ ముక్క ఒకటి కట్టి గిలక మీదుగా స్తంభంలోకి వదులుతారు. బరువుగా ఉంటుంది, గిలక మీద వంగుతుంది కనుక చెయిన్ ఈ పనికి బాగా కుదురుతుంది. కింద ఉన్నవారు వంచిన తీగ కొక్కెంతో అడుగు సందులో గాలం వేస్తారు. లోపల విద్యుత్ తీగలు, ఇతర తాళ్లు అన్నీ ఉంటాయి. ఒక్కొక్కసారి పది నిమిషాలు, ఒక్కొక్కసారి పూటంతా. దొరికిన దారంతో దారితాడును, దారితాడుతో హాల్యార్డ్‌ను లాగుతారు. నూతిలో పడిన బొక్కెనను పాతాళ గరిగెతో తీసినవారికి ఈ ఓపిక అలవాటే.

కొత్త తాడు ఎక్కిన తరువాత తెరచాపను నిండుగా ఎత్తి, క్లచ్‌కు కొంచెం ముందు రంగు దారంతో ఒక గుర్తు కుట్టుకోవడం మంచిది. రాత్రివేళ టార్చి వెలుగులో తెరచాప పూర్తిగా ఎక్కినదీ లేనిదీ చూపుతుంది. మొదటి కొద్ది ప్రయాణాలలో అల్లిక సర్దుకుని తాడు కొంచెం పొడుగవుతుంది కనుక ఆ గుర్తును నెల తరువాత మళ్లీ కుట్టుకోవాలి. మార్చిన తేదీని కొస మీద టేపు అంటించి రాసుకునేవారూ ఉన్నారు.

పాత తాడును పారవేయనవసరం లేదు. నలిగిన భాగాలను కోసివేయగా మిగిలిన బాగైన ముక్కలు చిన్న పడవను కట్టుకోవడానికి, డెక్కు మీది సామాను బిగించడానికి పనికివస్తాయి. ఓపిక గలవారు కాళ్లు తుడుచుకునే పట్టాలు అల్లుకుంటారు. షాకిల్‌ను మాత్రం పగుళ్లకోసం భూతద్దంతో చూసి, అనుమానం ఉంటే తుక్కులో వేయాలి. దారితాడును చుట్టచుట్టి, ఏ హాల్యార్డ్‌కు ఎంత పొడవు పట్టినదో చీటీ కట్టి, పనిముట్ల సంచిలో అడుగున కాక పైననే ఉంచుకోవాలి.